సీసాలో మన ఊరి గాలి

శ్రీశైలం అన్నకు నీ చెల్లె శిరీష దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నేనిక్కడ బాగానే ఉన్నాను. ఈ మాట ఉత్తరంలో ఇంకా రెండు మూడు సార్లు వస్తుంది, ప్రతిసారీ నమ్మాల్సిన పని లేదు. నువ్వు, వదినె, అక్షయ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్లు డాక్టరుకు చూపించిందా, లేక మళ్లీ నూనె రాసుకొని కూర్చుందా? నాయిన దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? అన్నిటికీ జవాబు కావాలి. ఫోన్లో అడిగితే "అంతా మంచిగనే ఉన్నది, నువ్వు తిన్నవా?" అంటావు, ముచ్చట అక్కడికి అయిపోతుంది.

ఫోనుండగా ఉత్తరమేందని నవ్వకు. మనింట్లో ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతారు. ఇప్పుడు చెప్పబోయేది చిన్నాయన, ఆయన వెంట వాడకట్టు అంతా వినాల్సిన సంగతి కాదు. నాతో ఇక్కడ ఒకే ఇంట్లో ఉండే ఝాన్సీ వచ్చే వారం సంగారెడ్డికి వస్తోంది. వాళ్లకు బజారులో కిరాణా దుకాణం ఉందని చెప్పాను కదా, ఆ అమ్మాయే. ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతిలోనే పెట్టమన్నాను.

అమ్మకు చదివి వినిపించడానికి ముందుగా ఇక్కడి సంగతులు కొన్ని రాస్తాను. చలి సంగతి వదిలెయ్, అలవాటైంది. తడి మాత్రం అలవాటు కాలేదు. ఆరేసిన తువ్వాలు రెండు రోజులైనా ఆరకపోగా కుక్క వాసన వస్తుంది. మా అద్దె ఇంట్లో బాత్రూములో తివాచీ పరిచారు. నమ్మవు కదా? తడి కాళ్లతో దాని మీద నిలబడినప్పుడల్లా నా ఒళ్లు జలదరిస్తుంది. ఇక గిన్నెలు. సబ్బు నీళ్లలో ముంచుతారు, తీస్తారు, ఆ నురగతోనే గుడ్డపెట్టి తుడిచేస్తారు. మంచినీళ్లతో కడగరు! నా పళ్లెం, నా గ్లాసు నా గదిలోనే దాచుకుంటున్నాను. సాయంత్రాలు పని చేసే కాఫీ హోటల్లో జనం కొరికి వదిలేసిన రొట్టెలు గీకి పారేయడమే నా డ్యూటీ. ఆ చేతులతో ఇంటికొచ్చి అన్నం కలుపుకోవాలంటే రోత. అయినా తింటున్నాను. బాగానే తింటున్నానని అమ్మకు చెప్పు.

ఈ రోతలన్నీ చిన్నవి. అసలుది చదువు దగ్గర ఉంది.

నేను హిస్టరీ తీసుకుంటానన్నప్పుడు ఊరంతా ఎట్లా నవ్విందో గుర్తుందా? చుట్టూ మందుల కంపెనీలున్న మన దిక్కు పిల్లలందరూ ఫార్మసీ, కాకుంటే కెమిస్ట్రీ. "పైదేశం పోయి హిస్టరీ చదివేదేంది? గోలకొండ కాడ గైడు నౌకరి చేస్తదా?" అన్నాడు చిన్నాయన. ఆ మందుల ఫ్యాక్టరీలోనే డ్యూటీ చేసే నువ్వొక్కడివే, "అందరు మందులే చదివితే మన ఊరి ముచ్చట ఎవరు రాస్తరు?" అన్నావు. ఆ మాట పట్టుకొని ఇంత దూరం వచ్చాను. వచ్చి ఏం చేశానో విను.

నేనుంటున్న ఈ ఊరు కూడా ఒకప్పుడు మన ఊరిలాగే ఫ్యాక్టరీల ఊరే. రంగులు, యాసిడ్లు చేసేవాళ్లట. వీళ్ల వాగు కూడా మన వాగులాగే రంగులు మార్చుకుంటూ పారిందట. ఇప్పుడు అందులో బాతులు తిరుగుతున్నాయి, పాత ఫ్యాక్టరీలో మ్యూజియం పెట్టారు. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ఆశ పుట్టింది, మన వాగుకూ ఒక రోజు వస్తుందని. తర్వాత మా ప్రొఫెసరమ్మ క్లాసులో, "అదృష్టం, ఆ కంపు చరిత్రలో కలిసిపోయింది" అంది. ఎక్కడ కలిసిపోయిందమ్మా, మూటగట్టి మా ఊరికి పంపారు కదా అనాలనిపించింది. కానీ నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను.

ఆ మ్యూజియంలో ఇప్పుడు "వాసనల చరిత్ర" అని ఒక ప్రదర్శన పెడుతున్నారు. మా యూనివర్సిటీ వాళ్లే చేస్తున్నారు. ఒక్కో విద్యార్థి ఒక్కో ఊరి వాసన గురించి పరిశోధించాలి, అత్తర్లు చేసే ఒకావిడ ఆ వాసన తయారుచేసి సీసాలో నింపుతుంది, చూడవచ్చిన వాళ్లు మూత తీసి వాసన చూస్తూ పక్కనే ఆ ఊరి మనిషి గొంతు వింటారు. మా చదువు మార్కుల్లో ఇదే పెద్ద వాటా. ప్రొఫెసరమ్మ నా దగ్గరికొచ్చి, నీ ఊరికన్నా మంచి ఊరు ఎవరికుంది అంది. అవును, మెచ్చుకుంటున్నట్టే అంది.

అత్తరావిడ చిన్న చిన్న సీసాలున్న పెట్టె ముందేసుకొని కూర్చుంది. మొదట చేసిన వాసన చూసి నాకు నవ్వొచ్చింది. ఉడికిన క్యాబేజీ! ఇది కాదన్నాను. కోడిగుడ్డు కుళ్లిన కంపు ఇంకొంచెం వెయ్యమన్నాను. ప్లాస్టిక్ కాలిన ఘాటు తగ్గించమన్నాను. చివర్లో గొంతులోకి దిగే తీపి ఒకటుంటుంది కదా, అతి మగ్గిన పండులాంటిది, అది రాలేదన్నాను. అమ్మ పులుసు నాలుక మీద వేసుకొని ఉప్పు చూసినట్టు, వంగి వాసన చూడటం, తల అడ్డంగా ఊపడం. నాకప్పుడు ఎంత పట్టుదలో చెప్పలేను. మన ఊరి పేరు పెట్టిన దాంట్లో తప్పుండకూడదు కదా! ఇట్లాంటి పట్టుదల మన ఊరోళ్లకు తప్ప ఎవరికి వస్తుంది?

ఆఖరికి కుదిరింది. మూత తియ్యగానే పొద్దుగూకే వేళ అమ్మ వాకిట్లో నిలబడి, "తలుపులు ఎయ్యుండ్రే, వచ్చింది!" అని మొత్తుకోవడం వినబడింది. చుట్టం వచ్చినట్టే "వచ్చింది" అంటాం కదా మనం. వదినె పరుగెత్తి ఆరేసిన బట్టలు గుంజుకురావడం, అక్షయ ముక్కు మూసుకొని గెంతడం, నువ్వు కిటికీలు బిగించడం, అన్నీ కళ్ల ముందు కనబడ్డాయి. ఇల్లు వదిలొచ్చిన నాటి నుంచి ఏడవనిదాన్ని, ఆ సీసా పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చాను అన్నా.

ప్రొఫెసరమ్మ ఫోన్ తీసింది. "కదలకు, అలాగే ఉండు. వీడియో తీసుకోవచ్చా?" అంది.

ఆమె మీద రోత పుట్టింది. అంతకన్నా నా మీద నాకు పుట్టింది. ఎవరికైనా ఇల్లు గుర్తుకు రావాలంటే మల్లెపూలో, మామిడికాయ తొక్కో, తొలకరి మన్నో కావాలి. నాకు కుళ్లిన గుడ్డు కంపు కావలసి వచ్చింది. మన నీళ్లు పోయాయి, బాయి పోయింది, వరి పోయింది. ఇంటి మీద బెంగను కూడా పాడు చేసి పెట్టారు కదా! దీన్ని ఏ పుస్తకంలో రాయాలో నాకు తెలియడం లేదు.

ఒక సీసా నాకిచ్చారు. బల్ల మీద పెట్టి ఉంటే ఝాన్సీ సెంటనుకొని మూత తీసింది. "అయ్యో, ఇది బొంతపల్లి గుడికి పోయే తొవ్వ గదనే! మా బాపు కారు అద్దాలు ఎత్తుమని లొల్లి చేసేటోడు" అంది. ఇద్దరం నవ్వాం, తర్వాత బయట వాన పడుతున్నా కంపు పోవడానికి కిటికీ తెరిచి పెట్టాం.

ఇప్పుడు నీకు సంబంధించిన ముచ్చట. జాగ్రత్తగా చదువు.

ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు డాబా మీద కూర్చొని నీ మాటలు రికార్డు చేసుకున్నాను కదా. తర్వాత నీ ఫోనుకు యూనివర్సిటీ నుంచి కాగితమొస్తే "ఒప్పుకుంటున్నాను" అని నొక్కావు కదా. నేను రాసే థీసిస్‌కే అనుకున్నాం ఇద్దరం. వీళ్లు ఆ మాటలనే సీసా పక్కన పెడుతున్నారు. నువ్వు ఏం చెప్పావో నీకు గుర్తుండకపోవచ్చు, నాకు ప్రతి మాటా గుర్తే:

"మా ఊర్ల పెండ్లిచూపులంటే పంతులును అడిగేది తర్వాత, ముందు గాలిని అడుగుతం. గాలి కంపెనీ దిక్కు నుంచి వస్తున్నదా, కంపెనీ దిక్కు పోతున్నదా చూసుకొని చుట్టాలకు ఫోన్ చేస్తం. మా చిన్నాయన కొడుకు మహేశ్‌గానికి పిల్లనిచ్చేటోళ్లు ఇల్లు చూడ వచ్చిండ్రు. గాలి మంచిగనే ఉండె. చాయ్ పోసినం, లడ్డూలు పెట్టినం. పిల్ల తండ్రి లడ్డూ నోట్లె పెట్టుకున్నడు, గాలి మర్లింది! ఆయన లడ్డూ దిక్కు చూస్తడు, మా దిక్కు చూస్తడు. లడ్డూ పాసిపోయిందనుకున్నడు పాపం. మా చిన్నమ్మ ఏమంటది? 'లడ్డూ మంచిదే అన్నా, జెర ముక్కు మూసుకొని తినుండ్రి' అంటది."

ఇక్కడ నువ్వు నవ్వుతావు. చాలాసేపు నవ్వుతావు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్లు తాగి, అప్పుడు చిన్నగా అంటావు: "ఆ సంబంధం పోయింది. ఆ దినం కంపెనీల నుంచి కంపు గాలి ఇడిసింది మా బ్లాకే. ఇన్‌చార్జి ఇడువుమంటె ఇడుస్తం. ఎవరితోని చెప్పుకోవాలె?"

వాళ్లు లడ్డూ తీసేశారు. చిన్నమ్మ మాట తీసేశారు. నీ నవ్వంతా కోసి పారేశారు. నవ్వు ఆ కష్టానికి సరిపోవడం లేదట. ఆఖరి మాటలు మాత్రం ఉంచి, వెనక ఏడుపు సంగీతం పెట్టారు. నవ్వకుండా ఆ ముచ్చట చెప్పే మనిషి మన వంశంలోనే లేడు!

ఇంకా ఉంది. ప్రదర్శన ఖర్చు పెట్టుకుంటున్నది ఒక మందుల కంపెనీ. మన దిక్కు ఫ్యాక్టరీల నుంచే ముడిసరుకు కొంటుందట. ప్రారంభం రోజు వాళ్ల పెద్దలొస్తారు. సీసా మీద మన ఊరి పేరు, పక్కన నీ గొంతు, ఆ గొంతులో "మా బ్లాకే". పైదేశం వాళ్లు ఆడిట్‌కొస్తే మీ ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో నువ్వే చెప్పావు. గేటు నుంచి రంగులేస్తారు, నోరున్న వాళ్లకు ఆ వారం సెలవిస్తారని. ఈసారి నీకిచ్చేది వారం సెలవు కాదు. బోరు నీళ్లు ఎట్లా ఉన్నాయో ఇద్దరికీ తెలుసు, మళ్లీ పొలం మీద బతికేది లేదు. ఆ నౌకరి పోతే ఇల్లు ఎట్లా నడుస్తుంది?

ఇదంతా ప్రొఫెసరమ్మకు చెప్పాను. మీ అన్న పేరు పెట్టం కదా అంది. గొంతు గుర్తుపట్టరా అన్నాను. తెలుగు వచ్చినవాళ్లు ఎవరొస్తారు అంది. ఇంగ్లీషులో కింద రాస్తున్నారు కదా అన్నాను. నేను తర్జుమా చెయ్యనన్నాను. అయితే అర్థం లేకుండా గొంతు ఒక్కటే వినిపిస్తాం, అదీ అందంగానే ఉంటుంది అంది! చివరికి, "నువ్వు చరిత్ర విద్యార్థివి శిరీషా, కొంచెం దూరం నుంచి చూడటం నేర్చుకో" అంది. ఇంత దూరం వచ్చాను కదమ్మా, ఇంకా ఎంత దూరం పోవాలి అన్నాను. ఆమెకు అది తమాషాగా అనిపించినట్టుంది, నవ్వింది. తన నవ్వును మాత్రం ఎవరూ కోయరు.

అన్నా, మాట్లాడిన మనిషే వెనక్కి తీసుకుంటానంటే తీసెయ్యాలని ఇక్కడొక నియమముంది. నేను చెప్తే చెల్లదు, నువ్వే చెప్పాలి. ఝాన్సీ దగ్గర మెయిల్ అడ్రసు ఉంది, నీ ఫోన్ నుంచే పంపిస్తుంది. ఒక్క వాక్యం చాలు: "నా గొంతు నాకు వాపస్ కావాలె." తెలుగులోనే పంపు, ఇంగ్లీషు చేసుకునే బాధ వాళ్లదే. నా మార్కుల సంగతి ఆలోచించకు. వేరే పని మొదలుపెట్టాల్సి వస్తుంది, తిరిగొచ్చేది ఆలస్యమవుతుంది, ఆమె నాకు మంచి మాట రాసివ్వకపోవచ్చు. కానీ నిన్ను నవ్వు లేకుండా ఆ గదిలో నిలబెట్టి డిగ్రీ తెచ్చుకుంటే, నువ్వు రాయమన్న ముచ్చట రాసినట్టు ఎట్లా అవుతుంది? మొత్తం రికార్డు నా దగ్గర భద్రంగా ఉంది, నవ్వుతో సహా. దాన్ని ఎప్పుడు, ఎట్లా రాయాలో నీ పక్కన కూర్చొని రాస్తాను. ఇగ "ఏం కాదు పో" అనకు. ఈ ఒక్కసారి నా మాట విను.

ఝాన్సీ తిరిగొచ్చేటప్పుడు వదినెను కొంచెం నువ్వుల పొడి, ఎండుమిరపకాయలు పంపమను. అక్షయకు చాక్లెట్లు పంపుతున్నాను, సీసా మాత్రం పంపడం లేదు. అక్కడ మీకు కొదవ లేదు కదా. అమ్మకు, నాయినకు, చిన్నాయనకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. నేను బాగానే ఉన్నాను.

మహేశ్‌కు మళ్లీ ఒక సంబంధం వస్తోందని వదినె ఫోన్లో చెప్పింది. ఆ రోజు గాలి మన ఇంటి మీదికి రాకుండా అటు దిక్కు పోవాలని దేవుడికి మొక్కుదామని కూర్చున్నాను. అటు దిక్కు కూడా ఊళ్లే ఉన్నాయి, వాళ్లింట్లోనూ పెళ్లికెదిగిన పిల్లలున్నారు. ఎటు పొమ్మని మొక్కినా ఎవరో ఒకరి లడ్డూ మీద పడుతుంది. ఛీ, మొక్కు కూడా సరిగ్గా మొక్కుకోనియ్యరు.

అందుకని దేవుణ్ణి వదిలేసి నిన్నే అడుగుతున్నాను. ఆ రోజు పెద్దన్నగా ఇంట్లో ఉండాలని డ్యూటీకి సెలవు పెట్టకు. నీ బ్లాకులోనే ఉండు. ఇన్‌చార్జి ఇడువుమంటే, చుట్టాలు లడ్డూ తినేదాకా జెర ఆగుమని చెప్పు.

నీ చెల్లె,
శిరీష