చెట్టుకు చుట్టిన కాషాయం

చెల్లి ఉబోన్‌కు అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, ఈ ఉత్తరం చదువుతూ కంగారు పడకు.

మంగళవారం తెల్లవారుజామున ఎప్పటిలాగే జిగురు బియ్యం ఆవిరికి పెట్టాను. గుమ్మంలోకి వచ్చిన భిక్షువుల పాత్రల్లో అన్నం వేసి, తమ్ముడు ఖమ్‌పన్‌కు బుట్టలో సర్ది పంపాను. విశ్వవిద్యాలయంలోని వందేళ్ళ నిద్రగన్నేరును ఆ రోజు కొట్టెయ్యమని వాడికి ఉత్తర్వు వచ్చింది. గంటలో రంపంతో సహా తిరిగి వచ్చాడు.

"చెట్టుకు ఎవరో కాషాయం చుట్టారక్కా! సన్యాసం పుచ్చుకున్న చెట్టు మీద రంపమెలా పెట్టను? పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుందంటున్నాడు తోట ఆఫీసరు."

విద్యార్థుల పనే అనుకున్నాను. గూట్లో చూస్తే, నాన్న పేర దానమివ్వాలని కొన్న కాషాయ వస్త్రం లేదు. చెట్టుకు చుట్టింది తానేనని అమ్మ వక్క నములుతూ ఒప్పుకుంది.

"మీ నాన్న ముప్పై ఏళ్ళు నీళ్ళు పోసిన చెట్టురా అది. దాని చావు నీ చేతుల మీదే జరగాలా?"

"నా నోటి దగ్గర కూడు లాగేశావు కదమ్మా!" అన్నాడు వాడు.

"కూడు నేను పెడతాలే. పాపం చుట్టుకుంటే ఎవరు విప్పుతారు?"

రెండు రోజులుగా వాడు అమ్మతో మాట్లాడటం లేదు. ఎంత ప్రార్థించినా, అమ్మ చేసింది పుణ్యమో పొరపాటో నాకు తేలడం లేదు.

మీ పాపకు జ్వరం తగ్గిందా? మందు ఆపకు. ఆదివారం రా, వస్తూ తమ్ముడికి దీక్షకు ముందు కట్టడానికి తెల్లబట్ట నాలుగు గజాలు తే.

ఈ సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. ఈ వానాకాలం మూడు నెలలూ ఖమ్‌పన్ భిక్షువుగా ఉంటాడు. దానికి సెలవు ఏ ఆఫీసరూ కాదనడు, ఉద్యోగమూ నిలుస్తుంది. ఈలోగా చెట్టును మరొకరు కొడతారేమో, తెలియదు. గుండు చేయించుకునే ముందు తల్లి కాళ్ళకు మొక్కి మన్నించమని అడగాలి కదా, అడుగుతానన్నాడు.