పెద్దలు చేతిలో పెట్టిన తాంబూలం

కర్నూలు సర్కారు వకీలు అయ్యగారికి, మార్కాపురం దగ్గర గొర్రెలు కాసుకునే ఆడమనిషి దండాలు పెట్టి రాసుకునేది.

అయ్యా, నా బిడ్డ శ్రీశైలమ్మను చెరిచిన ఓబులేసుకు జడ్జి దొరగారు ఏడేండ్ల శిక్ష వేసినారు గదా. అది కొట్టెయ్యమని వాడు మదరాసు హైకోర్టుకు అప్పీలు పెట్టుకున్నాడంట. కులపెద్దల ముందర నేను వాడి నాయన చేతి తాంబూలం అందుకున్నానని, దాంతో తగువు తీరిపోయిందని అందులో రాయించినాడంట.

అందుకున్న మాట నిజమే. మాలో పెద్దలు ఇప్పించిన తాంబూలం వద్దంటే వెలేస్తారు, మా మందను బావి దగ్గరికి రానియ్యరు. "తీసుకోమ్మా, ఆడబిడ్డ సంగతి, గుట్టుగా పోనీ" అన్నారు. నేను చెయ్యి చాపినాను. నా బిడ్డ ఒప్పుకోలేదు. మరునాడు తానొక్కతే నడిచిపోయి ఠాణాలో చెప్పింది. కోర్టులో అంతమంది ముందర నిలబడి చెప్పింది.

మొన్న మాఘమాసంలో జ్వరమొచ్చి పోయింది. ఇప్పుడు చెప్పేదానికి తాను లేదు.

ఆనాడు పెద్దల దగ్గర నుంచి నేను ఇంటికి రాగానే "ఎందుకు తీసుకుంటివే అమ్మా?" అని అడిగింది. నేను గొర్రెలను దొడ్లోకి తోలేదానికి పోయినాను. తల్లి భయపడి తీసుకునింది, బిడ్డ మాత్రం తీసుకోలేదు అని మదరాసు సర్కారు వకీలుకు రాయండయ్యా. బిడ్డకు నేను చెప్పలేకపోయిన జవాబు అదే.

ఇట్లు,
శ్రీశైలమ్మ తల్లి