పెద్దాపురం కారు

రాజమండ్రి,
ఆగస్టు 1979

బావగారికి మీ చిన్న మరదలు నమస్కరించి రాస్తున్నది.

మీ షష్టిపూర్తి శుభలేఖ మీద వేయించడానికని, మీ నాన్నగారు కారులో కూర్చున్న పాత ఫొటో పంపి, అది ఏ కంపెనీ కారో కనుక్కోమన్నారు. మాకు మోటారు సామాన్ల కొట్టుంది గదా అని మమ్మల్ని అడగమన్నది అక్కేనట. ఫొటో బాగా మసకబారింది. మా ఆయన ఫోర్డు అన్నారు, మెకానిక్కు బుల్లబ్బాయి ఆస్టిన్ అన్నాడు. చివరికి భూతద్దం పెట్టి చూస్తే కారు కింద మీ నాన్నగారి చెప్పుల కాళ్ళు కనిపించాయి. ఆయన కూర్చోలేదండీ, నిలబడ్డారు.

మొన్న ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళితే, ఫొటోల పాకలో ఆ కారే గోడకు ఆనించి ఉంది. చెక్క మీద వేసిన బొమ్మ. "మా నాన్న గీశాడండి. ఈ చుట్టుపక్కల అందరూ దీని వెనకాల నించున్నోళ్ళేనండి" అన్నాడు పాకాయన.

అక్క పెళ్ళిలో మీవాళ్ళకు ఎడ్లబండి పంపామని, "కారెక్కేవాళ్ళం, బండెక్కుతామా?" అంటూ మీ నాన్నగారు విస్తరి ముందు నుంచి లేచిపోయారు. మా నాన్న అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పోయేదాకా ఆ మాట మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఆ చెక్కను కొనేశాను. నరసాపురం స్టేషన్ నుంచి మీ ఇంటిదాకా ఎడ్లబండి మాట్లాడాను. ఈసారి మీ కారే బండెక్కి వస్తోంది. మేము మాత్రం భోజనం చేసే వెళ్తాం.

మీ మరదలు