చిన్నోడి కొత్త డబ్బా

ఏవండీ,

పాముపిల్లకు పట్టిన పేన్లు పోవాలని కోళ్ళకు చల్లే పొడి మాత్రం చల్లకండి, దాని ప్రాణమే పోతుంది. పశువుల డాక్టరమ్మ చెప్పినట్టు సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, దాని కింద పరిచిన తెల్లబట్ట మార్చండి. ఆ నల్ల పురుగులు తెలుపు మీదే కనబడతాయి. బట్ట కోసం మీ పెళ్ళిపంచె చింపాను. నేను తిరిగి వచ్చాక తిట్టండి.

మీరు ముచ్చటపడి కొన్న అద్దాలపెట్టె కల్యాణమండపమంత ఉంది. జానెడు పిల్ల, అందులో బెదిరిపోయి తిండి మానేసింది. నా అప్పడాల డబ్బా మూతకు చిల్లులు పెట్టి అందులోకి మార్చాను. అలంకారానికని మీరు అడవి నుంచి తెచ్చిన బెరడును, పురుగులతో సహా, నీళ్ళపొయ్యిలో పెట్టేశాను.

అత్తమ్మ "పాముకు పేన్లేంది, గిట్ల ఏడన్న ఉంటదా?" అని నవ్వుకుంటూ పాలగిన్నె తెస్తే, ఆ పాలు మీరే తాగెయ్యండి. దానికి రాత్రి ఎలుకపిల్లను పెట్టండి.

నేను తల్లాడలో అక్క దగ్గరికి వెళ్తున్నాను. రేపు వస్తాను.

సువర్ణ

అది తింటే వెంటనే ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా సరే. పామంటే నాకు అసహ్యమని అక్కతో ఎప్పుడూ అంటుంటాను. అందుకే పేరెత్తకుండా "చిన్నోడు తిన్నడు" అని ఒక్క ముక్క చెప్పండి, చాలు.