ఎందుకొచ్చినావని బిడ్డను ఎట్లా అడిగేది?

హిందూపురం

'అడిగితే తప్పేంది' అనే ఈ ఫోన్ పేజీలో జవాబులు రాసే పెద్దమనుషులందరికీ పరుపులు కుట్టే అమీర్‌సాబ్ సలాములు.

ఈడ ఏమడిగినా ఎవరో ఒకరు జవాబిస్తారని మా బామ్మర్ది రహీమ్ చెప్పినాడు. నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరం మాదిరి రాసేదే వచ్చు. తప్పులుంటే సర్దుకోండి.

మా బిడ్డ కౌసర్ ధర్మవరంలో కాపురముంటాది. అల్లుడు మసూద్ ఆడ పట్టుచీరల అంగట్లో పని చేస్తాడు. నెమ్మదస్తుడు. పోయిన వారం బిడ్డ ఒంటిగా వచ్చింది. బట్టల సంచి ఒకటే అయితే ఊరికే వచ్చిందనుకుందును. కుట్టు మిషను, మిక్సీ, ఆఖరికి నీళ్లు కాచుకునే కాగు కూడా ఆటోలోనించి దించింది. కాగు తెచ్చుకుందంటే ఇంకేముంది, కాపురం తెంచుకొని వచ్చినట్టే కదా.

నా ప్రశ్న ఇది: అలిగి పుట్టింటికొచ్చిన బిడ్డను మొగునితో ఎట్లా కలిపేది? తొందరగా చెప్పండి. నాకు అన్నం దిగడం లేదు.

మీ మేలు మరవని
అమీర్‌సాబ్

తా.క.: మా ఇంటామె అజీజున్నీసాకు అన్నం బాగానే దిగుతాండాది. "నా బిడ్డ నా కండ్ల ముందరుంటే నాకేం" అంటాది. దీనికి కూడా ఏదన్నా మందుంటే రాయండి.

*

పెనుకొండ

అమీర్‌సాబ్ గారికి చెన్నకేశవులు నమస్కారం.

బస్టాండులో విచారణ కిటికీ కాడ కూర్చొని రిటైరైనోణ్ణి నేను. "కదిరి బస్సు ఎన్నింటికి" అని అడిగితే, "ముందు నువ్వు పోవల్సింది యాడికి" అనేది నా అలవాటు. దానికి తిట్లు శానా తిన్నా. కానీ సగం మందికి కదిరితో పనే లేదని తేలేది.

మీరడిగినదానికి నా కాడ జవాబు లేదు. బిడ్డ అలిగి వచ్చిందని మీకెవరు చెప్పినారు? కాగు చెప్పిందా? ఎందుకొచ్చినావమ్మా అని ఆ బిడ్డనే అడగండి.

ఇట్లు
చెన్నకేశవులు

తా.క.: అన్నం దిగడం జబ్బని కూడా మీకెవరు చెప్పినారో తెలియలేదు.

*

హిందూపురం

చెన్నకేశవులు గారికి, కోపమున్నా మర్యాద తప్పకుండా అమీర్‌సాబ్ సలాం.

దగ్గుకు మందడిగితే అది దగ్గేనా అంటావేమప్పా? నీకు ఆడబిడ్డలు లేనట్టుండాది. పుట్టింటికొచ్చిన బిడ్డను "ఎందుకొచ్చినావు" అంటే "ఎప్పుడు పోతావు" అన్నట్టే. ఆ మాట అన్న ఇంట్లో సిరి, బర్కత్ నిలబడవని మా అవ్వ చెప్పేది. చచ్చినా అడగను. బిడ్డ ఎదురొస్తే యాడ నోరు జారుతానో అని పెరట్లోకి పోయి దూది ఏకుతాండా. ఏకిన దూదినే మళ్లా ఏకుతాండా.

ఎవరు చెప్పినారంటివే, సాక్ష్యాలు విను. రోజూ పొద్దున బురఖా వేసుకొని బయటికి పోతాది. యాడికో చెప్పదు. నిన్న వెనకాలే పోయినా. లాయరు బోర్డున్న మేడ ఎక్కింది. చాలదా?

అల్లుణ్ణి మెత్తబరచాలని రహీముకు డబ్బా నిండా బిర్యానీ ఇచ్చి ధర్మవరం పంపినా. "మామకు నీ మీద కోపం లేదు" అని చెప్పి రమ్మన్నా. దానికి ఆయప్ప, "నా మీద కోపమెందుకుంటాది?" అన్నాడంట. బిర్యానీ మాత్రం ఒక మెతుకు మిగల్చలేదంట. ఇంట్లో ఒక చాప, ఒక బక్కెట్టు తప్ప ఏమీ లేదంట. నా బిడ్డ తిరిగిపోయినా కూర్చునేదానికి పీట కూడా లేకుండా ఇల్లు ఊడ్చి పెట్టుకున్నాడు.

అందుకే ప్రశ్న మార్చినా: ఇంత రాతిగుండె మనిషిని కరిగించేదెట్లా?

ఇట్లు, నిద్ర లేని
అమీర్‌సాబ్

తా.క.: డబ్బా కడిగి, తుడిచి, మూతపెట్టి పంపినాడు. మంచి పెంపకం. అదే నాకు ఇంకా బాధగా ఉండాది.

*

పెనుకొండ

అమీర్‌సాబన్నకు చెన్నకేశవులు నమస్కారం.

ప్రశ్న మారింది కానీ బస్సు మారలేదన్నా. ఆ మేడలో లాయరు ఒక్కడే ఉన్నాడని ఎవరు చెప్పినారు? సామాను లేని ఇల్లు చూస్తే నాకు తోచేది గొడవ కాదు, లారీ.

ఇంకొకటి. బిడ్డ కనపడితే పెరట్లోకి పోతాండావే, ఆ బిడ్డ దాన్ని ఏమని అనుకుంటాంది? "ఎందుకొచ్చినావు" అంటే పొమ్మన్నట్టని నువ్వంటావు. సరే, ఒప్పుకుంటా. ఏమీ అడక్కుండా ఉంటే ఉండమన్నట్టని ఎవరు చెప్పినారు? ఆ మాట రాకపోతే ఇంకో మాట ఎత్తుకో. "ఎన్నాళ్లున్నా ఉండు తల్లీ" అను. ఏమంటాదో విను.

ఇట్లు
చెన్నకేశవులు

తా.క.: నాకు ముగ్గురూ ఆడబిడ్డలే. వాళ్లతో చెప్పించేది కష్టం కాదన్నా. ఆపేదే కష్టం.

*

హిందూపురం

నా తోడబుట్టినోడిలాంటి చెన్నకేశవులన్నకు, ఈ ఫోన్‌లో పట్టినన్ని సలాములు, పట్టనివి గాలిలో పంపుతాండా.

అన్నం తిన్నానన్నా. మూడుసార్లు పెట్టించుకొని తిన్నా. "ఇంక చట్టి కూడా తింటావా" అని మా ఇంటామె అడిగింది.

పొద్దున కౌసర్ వాకిట్లో బియ్యం చెరుగుతాంది. నేను తలుపు చాటున నిలబడుకొని, "ఈ ఇల్లు నీదే తల్లీ, ఎన్నాళ్లున్నా ఉండు" అన్నా. చాట కింద పెట్టేసి ఏడ్చింది. "నాయనా, ఈ మాట కోసమే కదా వచ్చినకాడ్నించి కాచుకోనుండేది" అనింది.

అలకా లేదు, గొడవా లేదన్నా. మసూదుకు ఈడ హిందూపురం పక్కన తూముకుంటలో, ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది. పెద్ద సామాను నువ్వన్నట్టే లారీకెత్తి ఫ్యాక్టరీ కాడ దించి, చిన్న సామానుతో ఇల్లు చూడమని బిడ్డను పంపినాడు. లాయరు మేడలో పైభాగం బాడుగకు ఉండాదంట, అది చూసేదానికి పోయింది. మా ఇంట్లోనే ఉండాలని ఇద్దరికీ ఆశే. కానీ మామ పిలవకుండా మామ ఇంట్లో దిగేది మర్యాద కాదని అల్లుడు. సంగతి చెప్తే చోటు అడిగినట్టయితాది, నాయన తనంతట తానే ఉండమంటాడులే అని బిడ్డ. నాయన చూస్తే పెరట్లో.

బిర్యానీ సంగతి చెప్పుకుంటే సిగ్గు. నేను పంపిన కబురు విని మసూద్ భయపడి బిడ్డకు ఫోన్ చేసినాడంట, "కోపం లేదని మనిషిని పంపి మరీ చెప్పించినాడంటే మీ నాయనకు ఎంత కోపముండాల" అని.

అప్పుడే ఫోన్ చేసి, "రాప్పా, మన ఇంటి మేడ గది నీదే, ఆ చాప, బక్కెట్టు కూడా తీసుకొనిరా" అన్నా. "రేపే వస్తా మామా" అన్నాడు. రాతిగుండె అని రాసినా కదా, ఫోన్ పెట్టకముందే ఆ పిల్లోడు చాప చుడతాండేది వినపడిందన్నా.

అల్లా నిన్ను, నీ ముగ్గురు బిడ్డలను సల్లగా చూడాల.

కడుపు నిండిన
అమీర్‌సాబ్

తా.క.: ఇది రాస్తాంటే కౌసర్ వెనకాల నిలబడి చదివింది. నీ పేరు చూసి, "నాయనా, ఈయప్ప నీకెట్లా తెలుసు?" అనింది. వచ్చిన రెండోనాడే అది కూడా ఈ పేజీలో ఒక ప్రశ్న పెట్టిందంట, పేరూ ఊరూ రాయకుండా. చూపించింది. "మా నాయనకు నేను బరువైనా. ఆయన మనసు నొప్పించకుండా వేరే ఇల్లు చూసుకునేదెట్లా?" అని ఉండాది. కింద నీ జవాబు: "బరువైనావని నీకెవరు చెప్పినారు?" ఒకే ఇంట్లోనించి ఇద్దరం అడుగుతాండామని నీకు తెలియదు, మాకూ తెలియదు. నీ జవాబు అట్లే ఉండనీ. ఆ ప్రశ్నను మాత్రం ఆడనించి తీయించన్నా. పరాయోళ్లు చదివితే నిజమనుకుంటారు.