చాలా ఎక్కువ

బ్రెమెన్, జర్మనీ,
నవంబరు 2020

సుచరితా,

నీ ఉద్యోగం పోయింది కరోనా వల్ల కాదు, నా వల్ల.

ఉపగ్రహం పనికి ఎంతమంది కావాలో అంచనా వేసే ఫారం నింపింది నేనే. “టీమ్ ఎంత కలిసిపోయింది?” అన్నచోట, ఆఫీసు వంటగదిలో నీ పులిహోర చుట్టూ చేరి చిక్కులన్నీ తేల్చుకున్న రోజులు తలచుకుని “చాలా ఎక్కువ” అని పెట్టాను. మార్చి నుంచి అందరం ఇళ్లలోనే ఉన్నామన్నది మరిచాను. ఆ జవాబు చూసి, ఒక మనిషిని తగ్గించవచ్చంది ఫారం లెక్క. అందరికన్నా చివర చేరినదానివని నిన్ను తీసేశారు.

ఫారం దిద్దుతానని బాస్‌ని బతిమాలాను. “సంతకాలైపోయాయి” అన్నాడు.

ఉద్యోగం పోయాక నీ బ్లూ కార్డు వీసా సంగతి అడగడానికి వీసా ఆఫీసులో టెర్మిన్‌కి తేదీ దొరికిందా?

ఇవాళ ఇంకో ఫారం వచ్చింది. ఈసారి అదే ప్రశ్నకి నిజమే చెప్పి “చాలా తక్కువ” అని పెట్టాను. ఇంకొక మనిషి కావాలంది లెక్క. అది నువ్వేనని రాయడానికి అందులో గడి లేదు.

నీ పక్క బల్ల నేస్తం