పాత వ్యానుకు కొత్త క్యారియర్

ఆదివారం, భోజనాలయ్యాక

మా బంగారుతల్లికి,

మీ నాన్న మనసారా దీవించి రాస్తున్నాడు. నువ్వూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. 'మేమిద్దరం' అన్న మాట దగ్గరే నువ్వు కాగితం మడిచేస్తావని నాకు తెలుసు. మడవకు తల్లీ. చివరిదాకా చదివి అప్పుడు చించెయ్, నేనేమీ అనుకోను.

నీ ఉత్తరం అందింది. నేను మళ్లీ పెళ్లి చేసుకున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఫోను కూడా ఎత్తనిదానివి, కవరు మీద నీ చేతిరాత కనబడేసరికి గేటు దగ్గరే నిలబడి చదివేశాను. "నువ్వు ఎప్పుడైనా రా నాన్నా, ఎన్నాళ్లయినా ఉండు, ఆవిడ మాత్రం మా గడప తొక్కకూడదు" అని రాశావు. మొదటి సగం చదివి కడుపు నిండింది. రెండో సగానికి జవాబు ఇదిగో. నేను ఒక్కణ్ణే రాను. వస్తే ఇద్దరం వస్తాం. వచ్చే శనివారం వస్తున్నాం కూడా. నువ్వు రమ్మంటే లోపలికొస్తాం, పొమ్మంటే మీ గేటు ముందు వ్యానులో ఉంటాం. అందులో పరుపుంది, పొయ్యి ఉంది, కిటికీలకు మా ఆవిడ కుట్టిన తెరలున్నాయి. మీ వీధివాళ్లు ఎవరైనా వచ్చి అడిగితే, మా అమ్మాయి ఇల్లేనండీ, కాస్త అలిగింది అని చెబుతాను. నాకేం సిగ్గు లేదు.

నువ్వు 'ఆవిడ' అని రాశావు. పిన్ని అనమని నేను నిన్ను అడగను. ఏమని పిలవాలో, అసలు పిలవాలో వద్దో నీ ఇష్టం. నేను మాత్రం 'మా ఆవిడ' అనే రాస్తాను, ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు రాస్తాను.

అవును, ఆ వ్యానే. బస్సు డిపోలో డ్రైవరుగా రిటైరయ్యాక నేను కొన్న క్యాంపర్ వ్యాను. పాత ఇనుము వాడికి ఇచ్చెయ్యమన్నావు గుర్తుందా? ఇవ్వలేదు సరికదా, దానికి పైన క్యారియర్ బిగించాం. ఇద్దరమయ్యాం కదా, సామాను ఎక్కువైంది. అదంతా లోపల కుక్కితే కాళ్లు ఎక్కడ చాపుకోవాలి?

పక్కింటి మెకానిక్ గోడ మీంచి తొంగిచూసి ఎంత ఎగతాళి చేశాడో. "ఎందుకు బాబాయ్, ఆ టాపు కాగితంలా ఉంది, క్యారియర్ పెడితే కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ దాని కిందే ఉండిపోతారు" అన్నాడు. నా టాపు సంగతి నేను చూసుకుంటాను, నీ టాపు మీద నాలుగు వెంట్రుకలు మిగిలాయి, ముందు వాటిని చూసుకో అన్నాను. కానీ తల్లీ, వాడి మాటలో నిజం లేకపోలేదు. రేకుకు బెజ్జాలు కొడితే వాన మా మంచం మీదే కురుస్తుంది. అయితే పాత బండికో సుఖం ఉంది. టాపు అంచు చుట్టూ వాననీరు జారిపోవడానికి దళసరి ఇనుప గాడి ఉంటుంది. క్యారియర్‌ను పట్టి ఉంచే క్లాంపులు ఆ గాడికి బిగించామంటే బరువంతా పక్కగోడల మీదికి దిగిపోతుంది, రేకుకు సోకదు. ఒక్క బెజ్జం పడలేదు.

పైకెక్కి బిగించింది మా ఆవిడే. లారీలకు టార్పాలిన్లు కుట్టే షెడ్డులో బతుకంతా పనిచేసిన మనిషి, ఎత్తంటే భయం లేదు. ఇనుమూ ఇనుమూ రాసుకుంటే తుప్పు పడుతుందని ప్రతి క్లాంపు కిందా టార్పాలిన్ ముక్క మడతపెట్టి మైనం రాసింది. నేను కింద నిలబడి స్పానర్లు అందించాను, సలహాలిచ్చాను. స్పానర్లు మాత్రం తీసుకుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. క్యారియర్‌కు నిచ్చెన బిగించే పని నాకు వదిలిపెట్టింది. నేను నడిపిన బస్సులన్నిటికీ నిచ్చెన ఎక్కడుండేది? వెనక. నేనూ వెనకే బిగించాను, బోల్టు మీద బోల్టు, కదలకుండా. ఆ సమయంలో మా ఆవిడ లోపల మంచం మీద వెల్లకిలా పడుకుని రేకు ఎక్కడైనా నొక్కుకుందేమోనని చూస్తోంది. అయిపోయింది, వచ్చి చూడు అని కేకేశాను. వెనక తలుపు తోసింది. అది పైకి లేచే తలుపాయె, నిచ్చెనకు కొట్టుకుని ఠంగుమంది. మళ్లీ తోసింది, మళ్లీ ఠంగుమంది. పక్క తలుపు ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తర్వాత లోపల్నుంచి, "ఏమండీ డ్రైవరుగారూ, ఈ స్టాపులో దింపుతారా, నేరుగా డిపోకే పోనిస్తారా?" అని వినిపించింది.

ముందు సీటు మీదుగా దూకి, స్టీరింగు పక్కనుంచి దూరి, తలనిండా దుమ్ముతో బయటపడింది. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. నిచ్చెన వంక చూసింది, నా వంక చూసింది, నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని నవ్వాను. పెళ్లాన్ని లోపల పెట్టి బోల్టులు బిగించేశావా బాబాయ్, పారిపోతుందని అంత భయమా అని మెకానిక్ అడిగితే, అవునని తలూపి మరీ నవ్వాను.

తల్లీ, మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో నేను రేడియో కూడా మెల్లగా పెట్టుకునేవాణ్ణి. ఎవరికి వినబడుతుందని భయమో నాకే తెలియదు. వంటింట్లో నిలబడే తినేవాణ్ణి. ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని, పోట్లాడుకుంటూ తింటున్నాను. ఈ వయసులో ఇదేం పని అని రాశావు. ఈ వయసులోనే తల్లీ. నాకింకో వయసు ఎక్కడుంది? నవ్వేవాళ్లను నవ్వనీ. నేనూ నవ్వుతూనే ఉన్నాను, వాళ్లకంటే గట్టిగా.

అమ్మను మరిచిపోయావా అని అడిగావు. అమ్మతో నేను పడ్డ పోట్లాటలన్నీ మా ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఒక్కదాంట్లోనూ నా తరఫున మాట్లాడలేదు. మీదే తప్పు, ఆ మహాతల్లి కాబట్టి ఊరుకుంది అంటుంది. ఇలా మరిచిపోవడం ఎవరివల్లవుతుంది?

నిచ్చెన విప్పి పక్కకు బిగించాం. ఊరి బయట గుంతల రోడ్డు మీద తిప్పి చూశాం, ఒక్క కిర్రు లేదు. మెకానిక్ కూడా వచ్చి క్యారియర్ పట్టుకుని వేలాడి, దిగి, పరవాలేదు అని సణిగాడు. వాడి నోట పరవాలేదంటే మహా గొప్ప.

శనివారం మీ గేటు ముందు ఒక్కసారి హారన్ కొడతాను. రెండోసారి కొట్టను. బతిమాలడానికి రావడం లేదు, కూతుర్ని చూడ్డానికి వస్తున్నాను, నా భార్యను వెంటబెట్టుకుని. అల్లుడుగారికి నా దీవెనలు చెప్పు.

ఇట్లు,
సంతోషం పట్టలేక, తల వంచుకోలేక,
మీ నాన్న

తా.క. సంతకం దాకా మా ఆవిడ చదివింది. అంత మొండిగా రాయకండి, పిల్ల బాధపడుతుంది అంది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఈ నాలుగు ముక్కలూ పోస్టుడబ్బా దగ్గర నిలబడి రాస్తున్నాను, తనకు తెలియదు.

సామాను ఎక్కువైందన్నది అబద్ధం. మా ఇద్దరి బట్టలూ కలిపి ఒక సంచీ. ఆ క్యారియర్ మీ అమ్మ పొడుగుబెంచీ కోసం. నీకు జ్వరమొస్తే మీ అమ్మ దాని మీద కూర్చుని, నిన్ను ఒళ్లో వేసుకుని తెల్లార్లూ ఉండిపోయేదే, ఆ బెంచీ. అది వ్యానులో పట్టదు, కాళ్లు కోసేసి లోపలికి తోద్దామన్నాను నేను. "అది అమ్మాయిది. దానికి రంపం తగిలిందో, నేనూరుకోను" అంది మా ఆవిడ. క్యారియర్ ఆలోచన తనదే. బెంచీని కొలిచి, ఆ పొడుగుకే చేయించింది. ఇది నీకు చెప్పొద్దంది, బెంచీ ఇచ్చి గడప కొనుక్కున్నట్టుంటుందట. మీ ఇంటి ముందు దింపేసి, తను వెళ్లి వ్యానులో కూర్చుంటుందట.

శనివారం అల్లుడుగారు డ్యూటీలో ఉంటారు. నా నడుము ఇప్పుడు బరువులెత్తదు. ఒక కొస నువ్వు పట్టుకోవాలి, రెండో కొస తను పట్టుకోవాలి. రెండో కొస పట్టుకున్న మనిషిని గడప బయట ఆపేస్తే మీ అమ్మ బెంచీ సగంలో ఆగిపోతుంది తల్లీ. తలుపు మూసుకుపోకుండా నేను పట్టుకుంటాను.